కెమెరా ముక్కాలికి తగిన తల

ఫోటోలు దీయువారు కెమెరాను బరీక్షించి కొందురు. ముక్కాలిపై నుండు తలను జూడనే చూడరు. వేలు పోసి కొన్న కెమెరా నిలుచునది దానిమీదనే కదా!

మూడు పిడులుగల తలకు సందులెక్కువ. సందుసందున నిసుక జేరును. భవనములను దిన్నగా జిత్రించువారికి అదియే మేలుగాని, సముద్రతీరమునకు బోవువారికి ఒక్క మరతో బిగియు లోహపు బంతితలయే తగినదని నా యభిప్రాయము. కెమెరాయు గటకమును గలసి 2 కిలోలైనచో 4 కిలోలు మోయుదానిని గొనవలెను. అంగడిలోనే బిగించి కటకమును వ్రేలితో నొక్కిచూడుడు. జాఱినచో నెంత చౌకయైనను వలదు.

తలుపు బందులకువలె బంతికి నూనె రాయరాదు. నూనెకంటిన దుమ్ము బంతిని గీయును, పట్టును సడలును. పొడిగుడ్డ చాలును. ఉప్పుగాలి సోకిననాడు మాత్రము మంచినీట దడిపి పిండిన గుడ్డతో దుడిచి, చక్కగ నాఱిన పిదపనే సంచిలో నుంచవలెను.