ఉరికితే దొరుకుతవ్

హత్యల ఆటంటే కత్తి తిప్పడమే అనుకుంటాం. సిరికొండలో దొరికిన ఒక పాత నోట్‌బుక్ మాత్రం మొదటి పేజీ నుంచి నడక గురించే మాట్లాడుతుంది.

దసరా సంచికకు ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్ గారు ఫోన్ చేశారు. విషయమూ ఆయనే తేల్చేశారు. "పాత కోటలు, ముసుగులు, కత్తులు... ఆన్‌లైన్‌లో పోరగాళ్లు ఒకరినొకరు చాటుగా చంపుకునే ఆట ఉందట కదా. అదెట్ల ఆడతారో రాయండి. గురువారం సాయంత్రానికి పేజీలు మూసేస్తాం." హత్యల ఆటలు నాకు మొదటి నుంచీ గిట్టవు. బతుకమ్మ పూల మీద రాస్తానన్నాను. పోయినేడాది వేశామన్నారు.

అలా సిరికొండ బస్సెక్కాను. అక్కడ కరెంటు సామాన్ల దుకాణం నడుపుకుంటున్న ఒక యువకుడు ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్న రోజుల్లో ఈ ఆట తెగ ఆడేవాడని తెలిసినవాళ్లు చెప్పారు. బీడీలు చుట్టే తల్లి, గల్ఫ్‌లో పనిచేసిన తండ్రి: ఈ మండలంలో సగం ఇళ్లలో వినిపించే కథే ఇతనిదీ. పేరు రాయొద్దన్నాడు. "గిరాకీలు నవ్వుతరు సార్." మాటల మధ్యలో అటక మీంచి దుమ్ము పట్టిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి దింపాడు. ముందు సగం ఫ్లూయిడ్ మెకానిక్స్. వెనక నుంచి తిప్పితే ఆట.

ఆ ఆట పేరు 'అసాసిన్స్ క్రీడ్: బ్రదర్‌హుడ్'. ఫ్రెంచి కంపెనీ యూబీసాఫ్ట్ 2010 నవంబరులో విడుదల చేసింది. కంప్యూటర్లకు 2011 మార్చిలో వచ్చింది. ఒంటరిగా ఆడే కథ ఒకటుంది, దాన్ని ఇక్కడ వదిలేద్దాం. మనకు కావలసింది దాంట్లోని 'వాంటెడ్' అనే పందెం. గరిష్ఠంగా ఎనిమిది మంది, ఒక పాత ఇటలీ పట్నం, పది నిమిషాలు. ఆట మొదలవగానే తెరమీద నీకొక బొమ్మ చూపిస్తారు. వైద్యుడు, పూజారి, మంగలి, తలారి, కమ్మరి... వీళ్లలో ఎవరో ఒకరు. వాణ్ని వెతికి చంపాలి. సరిగ్గా అదే సమయంలో నీ బొమ్మ ఇంకెవరి తెరమీదో కనిపిస్తూ ఉంటుంది. వాడెవడో నీకు తెలియదు.

అసలు మెలిక ఇంకోటుంది. ఆ పట్నం నిండా కంప్యూటర్ నడిపే జనం. వాళ్లకూ అవే మొహాలు, అవే బట్టలు. సంతలో పూజారులు నలుగురుంటే, అందులో ఒక్కడి వెనక మాత్రమే మనిషి ఉంటాడు. నువ్వు చంపాల్సింది ఆ ఒక్కణ్ని.

నోట్‌బుక్ వెనక నుంచి మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసిన మాటలివి: "ఉరుకుడు బంద్. నడిచేటోడు బొమ్మ, ఉరికేటోడు మనిషి." ఆట మొత్తానికీ ఇంతకంటే మంచి సూత్రం నాకు ఇంగ్లిష్ గైడ్లలో కూడా కనిపించలేదు. కంప్యూటర్ నడిపే జనం ఎప్పుడూ నిదానంగానే నడుస్తారు. గోడలెక్కరు. మూల తిరిగాక వెనక్కి చూడరు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి చేసినా నువ్వు మనిషివని నీ వెనకున్నవాడికి తెలిసిపోతుంది.

రెండో పేజీ చంపడం గురించి. తెర అడుగున గుండ్రటి దిక్సూచి ఉంటుంది. వేట దగ్గరయ్యేకొద్దీ అందులో గీత వెడల్పవుతుంది, ఎదురుగా చూపుకు అందితే వెలుగుతుంది. "గీత నిండినంక ఇంకింత మెల్లగ నడువు. అప్పుడే అందరికీ తొందర." నిజమే, కొత్తవాళ్లందరూ చెడేది అక్కడేనట. చివరి పదడుగులు పరుగెత్తి పొడిచేస్తారు. హత్యకు మార్కులొస్తాయి, కానీ అట్టడుగు మార్కులు. జనంలో కలిసిపోయి, ఎవరికీ అనుమానం రాకుండా పక్కకు చేరి పొడిచినవాడికి దానికి ఎన్నో రెట్లు వస్తాయి. ఒకడు నాలుగు హత్యలు చేసి ఓడిపోతాడు, ఇంకొకడు రెండే చేసి గెలుస్తాడు. ఇది విన్నాకే నేను కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాను.

"సుపారీ" అన్న మాట పేజీపేజీకీ కనిపిస్తుంది. ఆటలో దాన్ని కాంట్రాక్ట్ అంటారు. హాస్టల్లో మాత్రం సుపారీయే. "తప్పు మనిషిని పొడిస్తే సుపారీ పోతది, ఇజ్జత్ కూడ పోతది." అమాయకుణ్ని చంపితే వేట రద్దవుతుంది, కొత్తది వచ్చేదాకా నిలబడాలి. ఫస్టులో ఉన్నవాడికి ఇంకో శిక్ష ఉంటుంది: మార్కులు పెరిగేకొద్దీ వెనక పడే వేటగాళ్లూ పెరుగుతారు. ఆ నియమం పక్కన నోట్‌బుక్‌లో ఒక బొమ్మ గీసుంది, ఒకడి వెనక నలుగురు. కింద "మా సీనియర్" అని రాసి పేరు కొట్టేశాడు.

వేటాడబడేవాడు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వెనకున్నవాణ్ని ముందే పసిగట్టి ఒక్క గుద్దు గుద్దితే వాడు కూలబడతాడు, నీకు మార్కులొస్తాయి. పసిగట్టడమెలా? నోట్‌బుక్ సమాధానం: "గుంపుల కలువు, ఆగు. గుంపు పోయినంక గూడ నిలబడ్డోడే వాడు." దొరికిపోతే పారిపోవచ్చు, దారిలో మూసుకునే తలుపులుంటాయి. చూపు తప్పించి గడ్డివాములోనో, బెంచీ మీద ఇద్దరి మధ్యనో కూర్చుంటే బతికినట్టు. విద్యలు కొన్ని వాడుకోవచ్చు. మారువేషం. చుట్టూ ఉన్న జనాన్ని నీ రూపంలోకి మార్చేసే మాయ. నీలాంటి బొమ్మనొకదాన్ని పరుగెత్తించి వేటగాణ్ని దారి తప్పించే ఎత్తు. విషం. నోట్‌బుక్ రాసినవాడికి విషమంటే ప్రాణం. పక్కనుంచి పోతూ తాకించి నడుచుకుంటూ పోతే, కాసేపటికి వాడు పడిపోతాడు. అప్పటికి నువ్వు ఇంకో వీధిలో ఉంటావు.

"ఇది నేర్చినంక నాకు ఏమైందో తెలుసా సార్?" అన్నాడు. "బస్టాండ్‌ల ఎవడు జేబుదొంగనో నడక చూసి చెప్పస్తుండె."

అతిశయోక్తే కావచ్చు. 2022లో యూబీసాఫ్ట్ ఈ ఆట ఆన్‌లైన్ సేవలు ఆపేసింది. కాబట్టి పరీక్షించడానికి లేదు. పాత ఆటల వీడియోలు మాత్రం యూట్యూబ్‌లో ఉన్నాయి. వాటిని చూస్తూ ఎవడు మనిషో ఎవడు బొమ్మో ముందే చెప్పడానికి ప్రయత్నించండి. నాకు రక్తం మీద ఉన్న చిరాకు తగ్గలేదు గానీ, చూపు మాత్రం చంపేవాళ్ల మీంచి నడిచేవాళ్ల మీదికి మళ్లింది.

వంటవాడా, కట్టెల కోసమా?

దుకాణంలో కూర్చుని ఈ నియమాలన్నీ వింటుంటే నాకు విరాటుడి కొలువు గుర్తొచ్చింది. పాండవులకు పన్నెండేళ్లు వనవాసం, ఒక ఏడు అజ్ఞాతం, దొరికితే మళ్లీ పన్నెండేళ్లు. ఇంత కఠినమైన నియమం ఏ కంపెనీ ఆటలోనూ లేదు. పాత్రలూ ముందే పంచుకున్నారు. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల, నకులుడు దామగ్రంథి, సహదేవుడు తంత్రీపాలుడు, ద్రౌపది సైరంధ్రి. ఆయుధాలు జమ్మి మీద కట్టి, పక్కనే శవాన్ని వేలాడదీశారు, ఎవరూ దగ్గరికి రాకుండా. ఆడేవాళ్ల భాషలో చెప్పాలంటే ఇది పక్కా తయారీ.

అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం కీచకవధ కాదు, దానికి ముందుది. నిండు కొలువులో రాజు బావమరిది కీచకుడు ద్రౌపదిని తన్నాడు. వలలుడి వేషంలో ఉన్న భీముడి కళ్లు పక్కనున్న చెట్టు మీదికి పోయాయి. దాన్ని పెరికితే చాలు, కీచకుడూ పోతాడు, అజ్ఞాతమూ పోతుంది. అప్పుడు ధర్మరాజు అన్నది ఇంతే: వంటవాడా, వంటకట్టెల కోసమైతే బయటికి పోయి తెచ్చుకో. కొలువులో వాళ్లకు అది కట్టెల మాట. భీముడికి ఆగమన్న ఆజ్ఞ. ఆ ఒక్క వాక్యంతో ధర్మరాజు తమ్ముడి చూపుకు కూడా వేషం వేసేశాడు. ఆ క్షణంలో ఆయన మనసులో ఏముందో ఊహించుకోండి. భార్య నేల మీద పడి ఉంది.

తర్వాతది తెలిసిందే. చీకట్లో నర్తనశాల, ఒంటరిగా రావాలన్న షరతు, పడక మీద ద్రౌపదికి బదులు భీముడు. చంపింది గంధర్వులేనన్న కథ ద్రౌపది ముందే ఊళ్లో నాటిపెట్టింది, అదే వాళ్లను కాపాడింది. కానీ మరునాడు కీచకుడి తమ్ముళ్లు ఉపకీచకులు ఆమెను కాల్చబోతే, భీముడు శ్మశానానికి పోయి 105 మందిని చంపాడు. మార్కులు లెక్కపెడితే ఆ పూట అట్టడుగు రకం. దుర్యోధనుడి గూఢచారులు పాండవుల జాడ తేలేకపోయారు గానీ, కీచకుడు చచ్చాడన్న వార్త మాత్రం హస్తినకు మోసుకుపోయారు. ఇంత బలవంతుణ్ని ఎవరు చంపుంటారన్న అనుమానం అక్కడి నుంచే పుట్టిందని మన కథకులు చెబుతారు.

భీష్ముడు ఇచ్చిన సలహా మరీ విచిత్రం. ధర్మరాజు ఉన్నచోట వానలు బాగా పడతాయి, పంటలు పండుతాయి, ఆవులు నిండుగా పాలిస్తాయి, అలాంటి దేశం వెతకండన్నాడు. నడక దాచుకోవచ్చు, వేషం వేసుకోవచ్చు. మంచితనం దాచుకునే విద్య పాండవులెవరూ నేర్చుకోలేదు. ఇది విని దుకాణం యజమాని నవ్వి, "అంటే సార్, ధర్మరాజు దిక్సూచి ఎప్పుడూ వెలుగుతనే ఉంటదన్నట్టు" అన్నాడు.

సినిమాగా చూడాలంటే 1963 'నర్తనశాల' ఉండనే ఉంది. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, బృహన్నలగా ఎన్టీఆర్, సైరంధ్రిగా సావిత్రి. కీచకుడు ఎస్వీ రంగారావు జకార్తా ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి గెలుచుకున్నారు.

చరిత్ర ఒక్క పేరాలో (పేజీలో జాగా అంతే మిగిలింది): అసాసిన్లని పేరుపడ్డ దళం నాయకుడు హసన్ సబ్బా 1090లో ఇరాన్‌లోని అలమూత్ కోటను పట్టాడు, 1092లో సెల్జుక్ వజీరు నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యాడు, 1256లో హులగు ఖాన్ సేన అలమూత్‌ను ముగించింది. 'అసాసిన్స్ క్రీడ్' తొలి ఆట 2007లో వచ్చింది, కథాకాలం 1191. మన 'బ్రదర్‌హుడ్' కథ 1500 ప్రాంతపు రోములో సాగుతుంది. వేటగాడే వేట అయ్యే ఊహ అమెరికా రచయిత రాబర్ట్ షెక్లీ 1953లో రాసిన కథలో ఉంది, 1965లో అది ఇటలీలో సినిమా అయింది. అమెరికా కాలేజీ పిల్లలు దాన్ని నీళ్ల తుపాకులతో ఆడుకున్నారు. స్టీవ్ జాక్సన్ 1980ల మొదట్లో 'కిల్లర్' పేరుతో నియమాల పుస్తకం వేశాడు. 2006లో ఓడ మీద సాగే 'ద షిప్' అనే కంప్యూటర్ ఆట వచ్చింది.

చీటీలతో ఆడాలంటే

సెలవుల్లో ఇంటికొచ్చిన పిల్లలు పది మంది చాలు. ఆడని పెద్దమనిషి ఒకరు పేర్లన్నీ వలయంగా రాసుకుని, ఒక్కొక్కరికి తమ పక్కపేరు ఉన్న చీటీ ఇవ్వాలి. వలయం తెగకూడదు, అందుకే చీటీలు కలిపి తీయించొద్దు. ఆయుధం బట్టలారేసే క్లిప్పు. ఎదుటివాడికి తెలియకుండా, మూడోవాడు చూడకుండా అంగీకో లంగాకో తగిలించాలి. తగిలిస్తే వాడు ఔట్, వాడి చీటీ నీది. తగిలిస్తుండగా చెయ్యి పట్టుకుంటే గంటసేపు వేట బంద్. బండి నడిపేటప్పుడు, గుళ్లో, తిండి దగ్గర, బావుల దగ్గర ఆడొద్దు. ముసలివాళ్లను గుంపుగా వాడుకోవచ్చు. తాతకు చెవిలో పడకుండా చూసుకోండి, అరిచి చెప్పేస్తాడు. మన రాముడు సీత చీటీల ఆట తెలిసినవాళ్లకు ఇది కష్టం కాదు. అక్కడ సీత దొరక్కుండా మొహం దాచుకుంటే చాలు, ఇక్కడ నడక కూడా దాచాలి.

బోధన్ సంగతి

నిజామాబాద్ జిల్లా బోధన్ వాళ్లు తమ ఊరే ఏకచక్రపురమంటారు. లక్క ఇంటి నుంచి తప్పించుకున్న పాండవులు బ్రాహ్మణ వేషంలో తలదాచుకున్నదీ, భీముడు బకాసురుణ్ని చంపిందీ అక్కడేనని నమ్మకం. అంటే అజ్ఞాతానికి ఇది తొలి పాఠశాల. ఇక దసరా సాయంత్రం మనం చేతుల్లో పెట్టే జమ్మి 'బంగారం' పాండవులు ఆయుధాలు దాచిన ఆ చెట్టు ఆకే.

లెక్క తగాదా

అర్జునుడు ఉత్తరుడి రథమెక్కి బయటపడ్డప్పుడు దుర్యోధనుడు ఇంకా గడువు తీరలేదన్నాడు. లెక్క చెప్పమని భీష్ముణ్ని అడిగారు. అయిదేళ్లకు రెండు అధికమాసాల చొప్పున పదమూడేళ్లకు అయిదు నెలల పన్నెండు రాత్రులు కలుస్తాయని, ఆ లెక్కన గడువు నిండిపోయిందని ఆయన తేల్చాడు. దుర్యోధనుడు ఒప్పుకోలేదు. సిరికొండ నోట్‌బుక్ చివరి పేజీలో కూడా ఇలాంటి గొడవే ఒకటి రాసుంది, పది నిమిషాలు ముగిశాక పడిన హత్యకు మార్కులియ్యాలా వద్దా అని. రెండు వైపులా సంతకాలున్నాయి. తీర్పు మాత్రం లేదు.