పదకొండు వరకే లెక్కలొచ్చిన పలక

మా పెద్దాడు డాలస్ నుంచి వచ్చినప్పుడు, తను ఏడెనిమిదేళ్లు వాడిన ఈ-రీడర్ నాకిచ్చి వెళ్లాడు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చిన్నక్షరాలు చదవడం నాకు కష్టమైంది. ఇందులో అయితే అక్షరాన్ని శనగగింజంత చేసుకోవచ్చు. ఫోన్‌లా కళ్లలోకి వెలుగు కొట్టదు. చూడ్డానికి చిన్నప్పటి రాతిపలకలా ఉంటుంది కాబట్టి నాకది పలకే.

వాడు తెనాలిలో ఉన్న పదిహేను రోజులూ దానికి వైఫై బాగానే అందింది. వాడు విమానమెక్కిన మూడో రోజున పోయింది.

పోయిందంటే సిగ్నల్ తగ్గడం కాదు. నెట్‌వర్కుల జాబితాలో ఎదురింటివాళ్ల పేరుంది, పక్క అపార్ట్‌మెంట్ పేర్లు నాలుగున్నాయి, మా ఇంటి పేరు లేదు! రూటరేమో నా మంచం పక్క అలమరలోనే ఉంది. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తున్నాయి.

ఇంటర్నెట్ అబ్బాయి వచ్చి, "ఫోన్లకీ టీవీకీ వస్తోంది కదండీ, తేడా మీ వస్తువులోనే ఉంది మేడం" అని వెళ్లిపోయాడు. రాత్రి వీడియో కాల్‌లో మావాడు, "నీ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడమ్మా" అన్నాడు. పెట్టాను. టక్కున పట్టుకుంది. అంటే పలక చెవులు బాగానే ఉన్నాయి. రూటర్ గొంతూ బాగానే ఉంది. ముప్ఫైనాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, రెండు వైపులా సరిగ్గా ఉండి జవాబు కుదరకపోతే నాకు నిద్ర పట్టదు.

ఎయిర్‌ప్లేన్ మోడ్, పాస్‌వర్డ్, పలకని ఆపి మళ్లీ వెలిగించడం, అన్నీ అయ్యాయి. తర్వాత అనుమానం 5 గిగాహెర్ట్జ్ మీదికి పోయింది. ఇప్పటి రూటర్లు ఎక్కువగా రెండు పట్టీల్లో పలుకుతాయి: 2.4, 5. పాత ఈ-రీడర్లలో చాలావాటికి 2.4 మాత్రమే వినిపిస్తుంది. రూటర్‌లో 2.4 ఆగిపోయి ఉంటే వాటి జాబితాలో పేరే కనబడదు. మా ఇంట్లో ఆ జబ్బూ లేదు. పాత టీవీ 2.4 మీదే నడుస్తోంది.

అసలు సంగతి పాల లెక్క పుస్తకం చెప్పింది. పలక పలికిన రోజు "ఉంది", పలకని రోజు "లేదు" అని అందులోనే ఒక మూల రాసుకుంటూ వచ్చాను. మూడు వారాల తర్వాత తిరగేస్తే, "లేదు" మొదలైన ప్రతి చోటా పక్కన నా రాతే ఇంకోటి ఉంది: "కరెంటు పోయింది, పాలు విరిగాయి." మా రూటర్ ఇన్వర్టర్ లైనులో లేదు. కరెంటు పోతే ఆగుతుంది, వస్తే మళ్లీ మొదలవుతుంది. మొదలైనప్పుడు అది ఏదో మార్చుకుంటోంది!

మేడ మీద అద్దెకుండే ఇంజనీరింగ్ కుర్రాణ్ణి పిలిచి పుస్తకం చూపించాను. వాడు నవ్వకుండా చదివాడు, అందుకే వాడంటే నాకిష్టం. ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి, "టీచర్ గారూ, మీ రూటర్ 13వ ఛానల్‌లో కూర్చుందండీ" అన్నాడు.

2.4 పట్టీ మొత్తం ఒక అంకశ్రేఢి. మొదటి పదం 2412 మెగాహెర్ట్జ్, పదాంతరం 5. ఆరో ఛానల్ 2437, పదకొండు 2462, పదమూడు 2472. ఒక్కో ఛానల్ అటూ ఇటూ కలిపి దాదాపు 20 మెగాహెర్ట్జ్ జాగా తీసుకుంటుంది కాబట్టి పక్కపక్క ఛానళ్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. అలా తొక్కుకోనివి 1, 6, 11. అందుకే వీధిలో రూటర్లన్నీ ఎక్కువగా ఆ మూడింటి మీదే ఉంటాయి. మాది "ఆటో"లో ఉంది, అంటే ఖాళీ చోటు వెతుక్కుంటుంది. కరెంటు వచ్చిన వేళ రద్దీని బట్టి ఒకసారి 6, ఒకసారి 13.

మన దేశంలో 13 వాడుకోవచ్చు. అమెరికాలో మాత్రం 2483.5 మెగాహెర్ట్జ్ దాటిన పట్టీలోకి సిగ్నల్ చిందకూడదని నిబంధనలు గట్టిగా ఉంటాయి. 13 ఆ గట్టుకి మరీ దగ్గర. ఎందుకొచ్చిన గొడవని, అక్కడి మార్కెట్ కోసం చేసే వస్తువుల్లో చాలావాటిని 11 దగ్గరే ఆపేస్తారు. మా పలక డాలస్‌లో కొన్నది. దానికి పదకొండు వరకే లెక్కలొచ్చు. పదమూడులో ఎంత అరిచినా దానికి లేనట్టే. పాపం, పదిసార్లు చెప్పినా వినడం లేదని నేను తిట్టిన పిల్లల్లో ఇలాంటివాళ్లు ఎందరున్నారో!

మందు రెండు నిమిషాల పని. ఫోన్ బ్రౌజర్‌లో రూటర్ అడుగునున్న చీటీ మీది అంకెలు కొట్టి (మాకు 192.168.1.1), లోపల వైర్‌లెస్ పేజీలో 2.4 కింద ఛానల్‌ని "ఆటో" తీసేసి 11 పెట్టాడు. మా పేరు జాబితాలోకి వచ్చింది. కాస్త రద్దీ ఛానలే, కానీ నవల దిగడానికి ఎంత కావాలి?

అయినా నవల దిగలేదు. వైఫై ఉందంటుంది, దుకాణం తెరవనంటుంది. ఈసారి తప్పు నాది. విసిగిపోయి వారంపాటు సొరుగులో పడేస్తే ఛార్జింగ్ అడుగంటి, గడియారం వెనక్కి పోయింది. తేదీ చూస్తే 1970 జనవరి 1. చాలా యంత్రాలు కాలాన్ని లెక్కపెట్టడం మొదలెట్టేది ఆ రోజు నుంచే. అవతలి సర్వర్ చూపించే భద్రతా పత్రానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువుంటుంది. 1970లో ఉన్న పలకకి ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు. నమ్మకపోవడం న్యాయమే. తేదీ, టైమూ సరిచేశాక పుస్తకం దిగింది.

మొన్న గాలివానకి రాత్రంతా కరెంటు లేదు. పొద్దున్న లేచి ముందు పలక చూసి, తర్వాత ఫ్రిజ్ తెరిచి, పుస్తకంలో రాశాను: "పలక ఉంది. పాలు విరిగాయి."