పెంబర్తి ఇత్తడి బొమ్మ - ఇంటిలో దానికి తగిన చోటు

హైదరాబాదునుండి వరంగల్లుకు పోవు రహదారిమీద, జనగామ చేరుటకు కొంచెము ముందుగా పెంబర్తి గ్రామము వచ్చును. 2016 అక్టోబరులో ఏర్పడిన జనగామ జిల్లాలోనిది ఈ గ్రామము. ఇచ్చటి విశ్వకర్మలు ఇత్తడి రేకుమీద చేయు ఉబ్బెత్తు పనికి కాకతీయుల కాలమునుండి ప్రసిద్ధి గలదు. దేవాలయముల ధ్వజస్తంభములకు తొడుగులు, ఉత్సవ వాహనములు, నిజాముల నాటి పాన్‌దానులు, అత్తరుదానులు వీరి చేతిమీదుగా వచ్చినవే. నేడు ఎక్కువగా అమ్ముడు పోవునవి గోడకు తగిలించు పళ్లెములు, పూలకుండీలు, సన్మాన సభలలో ఇచ్చు జ్ఞాపికలు.

ఇంటికి చేరిన తరువాత వీని గతి యేమగుచున్నది? ఒకటి టెలివిజను పెట్టె ప్రక్క దుమ్ముపట్టి యుండును. మరొకటి నల్లబడి అటక ఎక్కును. కొంతకాలమునకు పాత సామానులతో తూకమునకు పోవును. నెలరోజుల పనితనము రేకు ధరకు అమ్ముడగుట చూచినవాడు మరల అట్టి వస్తువును కొనడు. ఆ నష్టము కొన్నవానితో ఆగక, చేసినవాని ఇంటివరకు పోవును. ఇందులో చాలవరకు దోషము వస్తువుది కాదు, దానిని ఉంచిన చోటుది.

ఇత్తడి యనగా రాగి, తుత్తునాగముల మిశ్రమలోహము. సామాన్యముగా మూడింట రెండుపాళ్లు రాగి, ఒకపాలు తుత్తునాగము ఉండును. పలుచని రేకును లక్కతో కూడిన మెత్తని ముద్దపై అతికించి, చిన్న ఉలులతో, సుత్తితో కొట్టి ఆకారమును పైకి లేపుదురు. లక్క క్రుంగుచు రేకునకు దారి యిచ్చును గాని చిరుగనియ్యదు. కొట్టిన కొలది లోహము బిరుసెక్కును. అప్పుడు దానిని కాల్చి మెత్తబరచి మరల పనికి దిగుదురు. ఈ రెండు విషయములను గుర్తుంచుకొనవలెను: బొమ్మ అందమంతయు కొద్దిపాటి ఎత్తుపల్లములలో నున్నది, సుత్తిదెబ్బలవలన రేకులో కొంత బిగువు దాగి యుండును.

ఎత్తుపల్లములు కంటికి కనబడుట వెలుతురు వచ్చు దిక్కునుబట్టి యుండును. ఒక తలము ఎంత వెలుగునన్నది, దానిపై పడు కిరణము ఆ తలపు లంబముతో చేయు కోణముయొక్క కొసైనును అనుసరించునని 1760లో లాంబర్టు చూపెను. బొమ్మలో 10 డిగ్రీల వాలుగల ఒక మెట్టను తీసికొందము. దీపము సరిగా ఎదురుగా నున్నప్పుడు మెట్టకు రెండువైపుల వెలుగు 0.98, చుట్టునున్న సమతలముపై 1. ఈ కొద్దిపాటి తేడాను కన్ను పట్టలేదు. బొమ్మ చదునుగా తోచును. అదే దీపమును ప్రక్కకు జరిపి, లంబమునకు 75 డిగ్రీలలో ఉంచినచో దీపమువైపు వాలుపై 0.42, సమతలముపై 0.26, అవతలి వాలుపై 0.09 పడును. ఒకే మెట్టకు రెండువైపుల దాదాపు అయిదురెట్ల తేడా! ఈ సూత్రము మెరుగులేని తలములకే సరిగా వర్తించునన్న మాట నిజమే. మెరుగుపెట్టిన ఇత్తడి కొంత అద్దమువలె ప్రవర్తించును; అందులో 10 డిగ్రీల వాలు ప్రతిఫలించిన కిరణమును 20 డిగ్రీలు మరల్చును. కావున అచ్చటను ప్రక్కవెలుతురే మేలు. ఎదురు దీపమైనచో బొమ్మకు బదులు దీపమే కనబడును.

అనగా కిటికీకి ఎదుటిగోడ మంచి చోటు కాదు. కిటికీ ఉన్న గోడ అంతకన్న పనికిరాదు, అది చీకటి గోడ. కిటికీకి ప్రక్కగా, లంబముగా వచ్చు గోడయే తగినది. రాత్రులకు దీపము కావలెనన్న, గోడకు ఒక అడుగు ఎడముగా, బొమ్మకు మూడున్నర అడుగుల పైన అమర్చినచో కోణము ఇంచుమించు సరిపోవును. వెలుతురు పైనుండియే రావలెను. మన కన్ను సూర్యుని క్రింద పెరిగినది; వెలుగు పైనుండి వచ్చుననియే తలచును. క్రిందనుండి దీపము పెట్టినచో ఒక్కొక్కప్పుడు ఉబ్బెత్తు గుంటవలెను, గుంట ఉబ్బెత్తువలెను కనబడి దేవత ముఖము వికారమగును.

దూరమునకు కూడ లెక్క గలదు. మామూలు కన్ను విడదీసి చూడగల కోణము సుమారు ఒక నిమిషము, అనగా డిగ్రీలో అరువదవ భాగము. 3 మీటర్ల దూరమున ఇది 0.9 మిల్లీమీటరునకు సమానము. అంతకన్న సన్నని ఉలిగీతలు గదికి ఆవలిగోడపై నుంచిన కలిసిపోవును. సన్నని లతలపని గల పళ్లెమునకు నడవ, కుర్చీప్రక్క బల్ల తగును. పెద్ద ఏనుగు, నెమలి బొమ్మలు దూరపు గోడకు పోవచ్చును.

నలుపు సంగతి వేరు. రాగికి గంధకముతో మైత్రి ఎక్కువ. మురుగు వాసనలోను, ఉడికిన గ్రుడ్డులోను ఉండు హైడ్రోజను సల్ఫైడు కొద్దిపాటిదైనను ఇత్తడిపై నల్లని పొర కట్టును. బొగ్గులో కొంత గంధకముండును. బొగ్గుపొయ్యి ఇంకను వెలుగు ఇండ్లలో, అవి సింగరేణి గనులున్న భూపాలపల్లివైనను మరెక్కడివైనను, వంటగదికి చేరువ గూటిలో ఇత్తడి నుంచరాదు. బొమ్మ జారకుండ అడుగున రబ్బరు ముక్క పెట్టుట పలువురి అలవాటు. రబ్బరును గట్టిపరచుటకు గంధకమునే వాడుదురు గనుక, దానికి బదులు నూలుగుడ్డ వేయుట మంచిది.

నల్లబడినదానికి చింతపండు మన ఇండ్లలోని పాత మందు. అందలి టార్టారిక్ ఆమ్లము పైపొరను కరిగించును. కాని ఉప్పు కలిపి గంటలకొద్ది నానవేసినచో తుత్తునాగము ముందుగా కరగి, అచ్చటచ్చట రాగిరంగు మచ్చలు మిగులును. రుద్ది వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడువవలెను. పల్లములలోని నలుపును వదలివేయుటయే లెస్స, అది ఉబ్బెత్తునకు నీడవలె తోడ్పడును. పైన పారదర్శకపు పూత ఉన్న వస్తువును మాత్రము చింతపండు, బూడిద తాకరాదు.

ఇక దాగియున్న బిగువు మాట. బ్రిటిషు సైన్యము భారతదేశములో తుపాకిగుండ్ల ఇత్తడి తొడుగులను వానకాలమున గుఱ్ఱపుశాలలలో నిలువచేయగా అవి తమంతట తాము పగిలినవి. వానలకాలపు జబ్బనుకొని దానికి ‘ఋతుభేదపు పగులు’ అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఋతువుది కాదు తప్పు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అను పరిశోధకులు కారణమును వెల్లడించిరి. గుఱ్ఱముల మూత్రమునుండి వచ్చు అమ్మోనియా, గాలిలోని తేమతో కలిసి, బిగువున్న ఇత్తడిలో కణికల అంచులవెంట చొచ్చుకొనిపోవును. తొడుగులను చేసినపిమ్మట కొద్దిగా వేడిచేసి బిగువు తీసినచో పగులు ఆగిపోయెను.

పెంబర్తి పనివాడు నడుమనడుమ కాల్చుటలోని మేలు ఇందువలన తెలియును. అయినను చివర కొట్టిన దెబ్బల బిగువు కొంత మిగిలి యుండవచ్చును. మహబూబాబాదు పల్లెలలో పశువులకొట్టము ఇంటిగోడకు ఆనియున్నచో ఆ గోడ ఇత్తడికి తగదు. పట్టణములలో మరుగుదొడ్డి తలుపు ప్రక్క గోడయు అట్టిదే. అమ్మోనియా గల అద్దములు తుడుచు ద్రవమును బొమ్మమీద చల్లుట మరింత చెరుపు.

మేకు విషయమొకటి మిగిలినది. తడిగోడలో ఇనుపమేకు, దానికి తగిలిన ఇత్తడి, నడుమ చెమ్మ, ఇవి మూడును కలిసి చిన్న విద్యుద్ఘటముగా పనిచేయును. అందులో నశించునది ఇనుము. బొమ్మ చెక్కుచెదరదు గాని మేకు త్వరగా తుప్పుపట్టి తెగును. అందుచే బరువైన పళ్లెమునకు ఇత్తడి కొక్కెమునే వాడుదురు. అది దొరకనిచోట, మేకునకును పళ్లెమునకును నడుమ గట్టి నూలుత్రాడు చాలును.