దారి పెరిగింది, ప్రయాణం తగ్గింది

2016 అక్టోబరు 16, ఆదివారం. తెల్లవారుజామున నాలుగింటికి ఢిల్లీలో లేచిన ఎయిరిండియా బోయింగ్ 777 శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాలి. అప్పటిదాకా ఆ సర్వీసు అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. ఆ రోజు మాత్రం తూర్పుకు తిరిగింది. జపాన్ వెనకబడి, పసిఫిక్ మధ్యలో డేట్‌లైన్ దాటేసరికి లోపలున్నవాళ్లకు మళ్లీ శనివారం వచ్చింది. దిగేసరికి అక్కడ ఆదివారం ఉదయం, ఆరు దాటింది!

అట్లాంటిక్ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. పసిఫిక్ దారి 15,000 పైచిలుకు. అయినా పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. మామూలుగా పట్టే సమయం కంటే ఇది దాదాపు రెండు గంటలు తక్కువ.

కారణం గాలి. నేలకు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ ఉరకలేస్తుంటుంది. చలికాలంలో దాని జోరు మరీ ఎక్కువ. విమానం తన వేగాన్ని చూపేది చుట్టూ ఉన్న గాలితో పోల్చే. అది గంటకు 800 కిలోమీటర్లతో పోతున్నప్పుడు 24 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేల మీద లెక్కకు వచ్చేది 776. అదే 138 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే 938. ఇంజిన్లు పడే కష్టం మాత్రం ఒక్కటే. గంటకు 9,600 లీటర్ల ఇంధనం తాగే విమానానికి రెండు గంటలు మిగలడమంటే మాటలా?

సీటు ముందు తెరలో మ్యాప్ పెట్టుకున్నప్పుడు మనం చూసేది ఎత్తు, వేగం, ఇంకా ఎన్ని గంటలు అన్నదే. పక్కనే గాలి వేగం అంకె కూడా మారుతూ ఉంటుంది. నన్నడిగితే తెర మొత్తంలో అసలు కథ చెప్పేది అదే.

గ్లోబు మీద దారం లాగి కొలిస్తే ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య 12,400 కిలోమీటర్లే. ఆ దారం ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. కానీ విమానం దారం వెంట పోదు. ఏ దేశం తన గగనతలం తెరిచింది, దారిలో ఇంజిన్ మొరాయిస్తే ఎక్కడ దిగాలి అన్నవీ చూసుకోవాలి. 2023 జూన్‌లో ఇదే రూటు విమానం ఇంజిన్ సమస్యతో రష్యాలోని మగదాన్‌లో దిగింది. రెండు వందల మందికి పైగా ప్రయాణికులు మరో విమానం వచ్చేదాకా ఆ మారుమూల ఊళ్లో ఎదురుచూశారు.

మన సంగతికొస్తే, హైదరాబాద్ నుంచి షికాగో సుమారు 13,300 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిరిండియా నేరుగా విమానం వేసింది. ఎక్కువ కాలం నడవలేదు. కూతురి పురిటికి వెళ్లే అమ్మలు ఇప్పుడు దోహాలోనో దుబాయ్‌లోనో ఢిల్లీలోనో విమానం మారాలి. పిల్లలు వాళ్లకు వీల్‌చెయిర్ రాయిస్తారు. చాలామందికి కాళ్లనొప్పులుండవు. భాష రాదు, గేటు ఎటో తెలియదు, అందుకని. మెడలో పాస్‌పోర్ట్ సంచి తగిలించుకుని, పేరు ఎప్పుడు పిలుస్తారోనని చూస్తూ కూర్చునే ఆ నాలుగైదు గంటలను ఏ గాలీ తగ్గించలేదు. వాటిని తగ్గించగలిగింది నేరుగా వెళ్లే విమానమే. పిల్లల కోసం అంత దూరం వెళ్లే తల్లిదండ్రులున్న ఈ నగరానికి ఆ సర్వీసు మళ్లీ రావాలి.