మంచునేలపై ట్రాక్టరుచక్రము - దమ్ముమడికి దానివలన పాఠము



మన పొలములలో మంచుగడ్డ కట్టదు. అయినను మంచుదేశముల రైతు శీతకాలమున తన ట్రాక్టరును ఎట్లు నడుపుకొనుచున్నాడో తెలిసికొనుట మనకు నిరర్థకము గాదు. అద్దమువంటి మంచుగడ్డపై చక్రము జారుటకును, మన దమ్ముమడిలో చక్రము ఉన్నచోటనే గిరగిర తిరుగుటకును మూలకారణ మొక్కటియే: ఇంజనుకు బలము చాలకపోవుట గాదు, చక్రమునకు నేల పట్టు ఈయకపోవుట. ఈ భేదము నెరిగినవాడు డీజిలును, కాలమును మిగుల్చుకొనును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునే దక్కించుకొనును.

పట్టు అననేమి?

ఇంజను చక్రమును త్రిప్పును. చక్రము నేలను వెనుకకు నెట్టును. నేల ఆ నెట్టుడును ఓర్చుకొన్నప్పుడే బండి ముందునకు సాగును. నేల ఓర్చుకొనగల హద్దునకే పట్టు అని పేరు. గట్టినేలపై ఈ పట్టు రెండింటిపై ఆధారపడియుండును: చక్రముపై బడు బరువు ఒకటి, టైరునకును నేలకును నడుమగల రాపిడి రెండవది. పొడిగానున్న తారురోడ్డుపై రబ్బరు టైరునకు కలుగు పట్టు, దానిపైనున్న బరువులో నూటికి 70, 80 పాళ్లుండును. మంచుగడ్డపై నూటికి 10 పాళ్ల ప్రాంతమునకు పడిపోవును. వెనుకచక్రములపై 1500 కిలోల బరువున్న బండికి తారురోడ్డుపై 1000 కిలోలకు మించిన పట్టు దొరకగా, మంచుగడ్డపై 150 కిలోలు మాత్రమే దొరకును. ఇంజను ఎంత గొప్పదైనను ఈ హద్దును దాటింపజాలదు.

మిక్కిలి చలిలో బిగిసిన గడ్డకంటె, కరగుటకు సిద్ధముగానున్న గడ్డ ఎక్కువ జారును. దానిపై సన్నని నీటిపొర ఏర్పడుటయే ఇందులకు కారణము. కాబట్టి ఎండ కాచినదిగదా యని ఆ దేశపు రైతు ఏమరియుండరాదు.

బరువా, గొలుసా?

చక్రము జారినప్పుడు బరువు చేర్చవలెనని ఎవరికైనను తోచును. లెక్క కట్టి చూతము. పైయుదాహరణములోని బండికి 300 కిలోల ఇనుపదిమ్మెలు తగిలించినచో, మంచుగడ్డపై అదనముగా వచ్చు పట్టు 30 కిలోలే. బరువు నేమియు చేర్చక, టైర్లకు ఇనుపగొలుసులు తొడిగి రాపిడిని నూటికి 10 నుండి 20 పాళ్లకు పెంచినామనుకొందము. అప్పుడు 150 కిలోల పట్టు అదనముగా చేకూరును. కావుననే అచ్చటివారు గట్టి మంచుగడ్డపై గొలుసులకు అగ్రస్థాన మిత్తురు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రవాసియగు హారీ వీడ్ అనువారు మోటారుకారు చక్రములకు తొడుగు గొలుసులకై 1904లో పేటెంటు పొందిరి.

మొదటి ట్రాక్టర్లకు ముండ్లతోను, పట్టీలతోను కూడిన ఇనుపచక్రములుండెడివి. 1932లో ఆలిస్-ఛామర్స్ కంపెనీవారు తమ ట్రాక్టరునకు గాలినింపిన రబ్బరు టైర్లను అమర్చి విక్రయింపసాగిరి. పొలపు టైరునకుండు ఎత్తైన రబ్బరుకట్టలు మెత్తనినేలలో దిగి పట్టుకొనును. గట్టిమంచుపై దిగుటకు చోటులేక అవి కొనలమీదనే నిలుచును, కనుక జారును. నిచ్చెనమెట్లవలె దూరదూరముగా అడ్డుగొలుసులున్న రకమును తొడిగినచో, ఆ గొలుసులు రబ్బరుకట్టల నడుమ సందులలో పడి నిరుపయోగమగును. అందుచే ఆ టైర్లకు వలవలె అల్లిన గొలుసులను వాడుదురు. తొడిగిన పిమ్మట కొంతదూరము నడిపి, ఆగి, మరల బిగింతురు.

బరువుకై టైరులో నీరు నింపు పద్ధతియు కలదు. వాల్వును పైకి త్రిప్పియుంచి, ఆ మట్టమువరకు నింపినచో, టైరులో నూటికి 75 పాళ్లు నీరు చేరును. శీతదేశములలో నీరు గడ్డకట్టకుండ కాల్షియం క్లోరైడు అను ఉప్పును కలుపుదురు. అది చక్రపు ఇనుమును తినివేయును గనుక, బీటుదుంపల పాకమునుండి తయారగు ద్రవమును వాడువారును గలరు. మనకు వట్టినీరే చాలును.

అచ్చటి నడుపరి పాటించు నియమములివి: తక్కువ గేరులో మెల్లగా కదలవలెను. క్లచ్చిని ఒక్కసారిగా విడువరాదు. డిఫరెన్షియల్ లాకును తిన్నని దారిలోనే వాడవలెను, మలుపులో వాడరాదు. పెక్కు ట్రాక్టర్లకు బ్రేకులు వెనుకచక్రములకే యుండును. కావున నాలుగుచక్రములకు శక్తినందించు బండిలో, పల్లము దిగుటకు ముందే ముందుచక్రముల గేరు కలిపినచో, అవియు నిలుపుదలకు తోడ్పడును.

మెత్తని మంచు వేరు

గట్టిమంచుకు చెప్పిన మాట మెత్తని లోతుమంచుకు చెల్లదు. అచ్చట బరువు ఎక్కువైనకొలది చక్రము గోయి త్రవ్వుకొని దిగబడును. ఎవరెస్టు శిఖరము నెక్కిన ఎడ్మండ్ హిల్లరీగారు 1957 అక్టోబరులో దక్షిణధ్రువ ఖండపు తీరమునుండి బయలుదేరి, 1958 జనవరి 4వ తేదీన ధ్రువమును చేరిరి. వారి వాహనములు పొలము దున్ను సామాన్యపు ఫెర్గూసన్ ట్రాక్టర్లే. చక్రములచుట్టు పట్టాలు తొడిగి, బరువును విశాలముగా పరచుటచే అవి సాగగలిగినవి.

మన దమ్ముమడి ఈ మెత్తనిమంచు జాతికి చెందినది. దుక్కికి మేలుచేసిన ఇనుపదిమ్మెలు, టైరులోని నీరు దమ్ములో బండిని దింపును. కావున దమ్మునకు ముందు అనవసరపు బరువును తీసివేయుడు. కేజ్ వీల్సు, అనగా మన దమ్ముచక్రములు, బరువును విస్తరింపజేయుచు తెడ్లవలె బురదను నెట్టును. వరి, చెరకు పొలములకై ప్రత్యేకముగా చేసిన టైర్లకు, మామూలు పొలపు టైర్లకంటె సుమారు రెండింతలు లోతైన రబ్బరుకట్టలుండును. దమ్ముచక్రములతో తారురోడ్డెక్కకుడు. రోడ్డు గుంటలు పడును, నష్టము ఊరివారందరిదియు. చక్రములను విప్పి ట్రాలీలో తీసికొనిపోవుట ధర్మము.

జారుడును కొలుచు విధము

పొడిదుక్కిలో చక్రము ఎంత జారుచున్నదో సుద్దముక్కతో తెలిసికొనవచ్చును. వెనుకటైరుపై గీతగీసి, నాగలి ఎత్తి, చేనిలో 10 చుట్లకు ఎంతదూరము నడచినదో కొలువుడు. నాగలి దించి మరల 10 చుట్లు కొలువుడు. మొదట 50 మీటర్లు, తరువాత 44 మీటర్లు వచ్చినచో జారుడు నూటికి 12 పాళ్లు. 8 మొదలు 15 వరకు ఉండుట మంచిది. అంతకు మించినచో డీజిలును, టైరును వృథాయగుచున్నవి: బరువు చేర్చుడు, లేదా నాగలిలోతు తగ్గింపుడు. 8కి తగ్గినచో బరువు ఎక్కువైనదని గ్రహించి కొంత తీసివేయుడు. నేల అణగి గట్టిపడకుండును.

ప్రాణాపాయమగు ఒక అలవాటు

బండి బురదలో దిగబడినప్పుడు కొందరు వెనుకచక్రములకు కర్రదుంగను అడ్డముగా కట్టి ముందునకు నడుపుదురు. ఇది మృత్యువును పిలుచుటయే. దుంగ నేలకు తన్ని చక్రము తిరుగకున్నచో, ఇంజనుబలము ఇరుసుచుట్టు బండినే పైకెత్తును. ముందుభాగము లేచి, ఒకటిన్నర సెకనులో బండి వెనుకకు తిరుగబడి, నడుపరిపై పడగలదు. దూకుటకు వ్యవధి యుండదు.

దిగబడినచో చక్రమును త్రిప్పుచు గోతిని పెంచకుడు. ఇంజను ఆపి, వెనుకనున్న పనిముట్టును విడదీయుడు. చక్రములచుట్టు బురద తీసి, పలకలుగాని కంపగాని వేసి, వచ్చినదారినే రివర్సులో మెల్లగా బయటికి రండు. అట్లు రాలేనిచో గట్టినేలపై నిలిచిన మరియొక ట్రాక్టరుచే లాగింపుడు. లాగుబండికి గొలుసును క్రిందనున్న కొక్కెమునకే తగిలింపవలెను; ఇరుసుకంటె ఎత్తున తగిలించినచో ఆ బండియు తిరుగబడవచ్చును. గొలుసు తెగినప్పుడు తగులకుండ చుట్టునున్నవారు దూరముగా నిలువవలెను.

దమ్ముల ఋతువునకు ముందుగా, మన సంఘసభ్యులు తమ యిండ్లలో ట్రాక్టరు నడుపు యువకులకును, కూలికి నడుపువారికిని ఈ తుదిభాగమును చదివి వినిపింపవలసినదిగా కోరుచున్నాను.