అద్దంలోని రూపం, నలుగురిలోని భయం

మానవుడు సంఘజీవి. తనను గురించి తాను ఏర్పరచుకొనే అభిప్రాయంలో అధికభాగం ఇతరుల కన్నుల నుండి అరువు తెచ్చుకొన్నదే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ కూలీ 1902లో ఈ సంగతిని అద్దంతో పోల్చి వివరించాడు. ఎదుటివారికి మనం ఎట్లు కనిపిస్తున్నామో ఊహించుకొంటాం. వారు మనల్ని ఏమని తలుస్తున్నారో ఊహించుకొంటాం. ఆ ఊహను బట్టి గర్వపడతాం, లేదా సిగ్గుపడతాం. ఇందులో ముఖ్యమైన మాట ‘ఊహ’. కళాశాల విద్యార్థులలో దేహరూపాన్ని గురించిన దిగులుకూ, నలుగురిలో కలిగే భయానికీ గల సంబంధం చాలావరకు ఆ మాటలోనే ఇమిడి ఉంది.

మనస్తత్వ శాస్త్రంలో దేహరూపమంటే మన శరీరం కాదు. శరీరాన్ని గురించి మనస్సు గీసుకొన్న చిత్రం. వియన్నాలో జన్మించిన మానసిక వైద్యుడు పాల్ షిల్డర్ 1935లో వెలువరించిన గ్రంథంలో ఈ భావాన్ని విస్తృతంగా చర్చించాడు. ఈ చిత్రం అసలు దేహాన్ని పోలి ఉండి తీరాలన్న నియమం లేదు. ఒకే ఎత్తు, ఒకే బరువు గల ఇద్దరు స్నేహితురాళ్లలో ఒకరు నిశ్చింతగా ఉండగా, మరొకరు తాను లావుగా ఉన్నానని కుమిలిపోవడం కద్దు. కళాశాల వయస్సు ఈ చిత్రం మీద తరచు నీడలు పడే కాలం. శరీరం అప్పుడే మారి కుదుటపడుతూ ఉంటుంది. చిన్ననాటి బడిని విడిచి కొత్త ముఖాల నడుమకు వస్తాం. ఇంట్లో ఉర్దూ లేదా తెలుగు, పాఠ్యగ్రంథంలో ఇంగ్లీషు. నోరు విప్పితే ఎక్కడ తప్పు దొర్లుతుందోనన్న జంకుకు, ముఖం ఎట్లున్నదోనన్న జంకు తోడవుతుంది.

సిగ్గు అందరికీ సహజమే. పరిచయం పెరిగిన కొద్దీ అది కరుగుతుంది. సాంఘిక భీతి అట్లు కాదు. నలుగురూ తనను పరిశీలించి తక్కువ చేస్తారన్న భయం నెలల తరబడి వెంటాడి, చదువుకూ స్నేహానికీ అడ్డుపడినప్పుడు వైద్యశాస్త్రం దానిని రుగ్మతగా పరిగణిస్తుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన రోగనిర్ణయ గ్రంథంలో దీనికి ప్రత్యేక స్థానం కల్పించింది. గుండె దడ, చెమట, వణుకు, గొంతు ఎండిపోవడం దీని బాహ్య లక్షణాలు. భయం కలిగించే చోటును తప్పించుకొని తిరగడం దీనిని పెంచి పోషించే లక్షణం.

దేహరూపం గురించిన దిగులూ, ఈ భీతీ ఒకదానినొకటి ఎట్లు బలపరచుకొంటాయో ఒక ఉదాహరణతో చూద్దాం. మొటిమలను గురించి దిగులుపడే విద్యార్థిని సెమినారులో మాట్లాడడానికి లేచిందనుకొందాం. ఆమె దృష్టి విషయం మీద గాని, శ్రోతల మీద గాని నిలవదు. తన చెంప మీదనే ఉంటుంది. తనలోని తడబాటునే సాక్ష్యంగా తీసుకొని, అందరూ తన ముఖాన్నే చూస్తున్నారని తీర్మానించుకొంటుంది. దుపట్టా ముఖం మీదికి లాక్కొంటుంది; తల వంచుతుంది; గొంతు తగ్గిస్తుంది. మాట వినబడక శ్రోతలు ముందుకు వంగి తేరిపార చూస్తారు. ఆ చూపే ఆమె భయానికి రుజువవుతుంది. మరుసటిసారి ఆమె సెలవు పెడుతుంది; మనస్సు తేలికపడుతుంది. ఆ తేలికదనమే ప్రమాదకరం. తప్పించుకొంటే హాయి అని మనస్సు నేర్చుకొంటుంది గాని, వెళ్లి ఉంటే ఏ ఆపదా కలిగేది కాదన్న సత్యాన్ని నేర్చుకొనే అవకాశం పోతుంది. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో ప్రతిపాదించిన సిద్ధాంతానికి ఈ విషవలయమే ఆయువుపట్టు. బక్కగా ఉన్నానని బాధపడే విద్యార్థి ఆటస్థలానికీ, గ్రూపు ఫోటోకూ దూరం కావడమూ ఈ వరుసలోనిదే. ఇందులో పోయేది ఒక ఉపన్యాసం మాత్రమే కాదు; వైవాలో మార్కులు, ఉద్యోగపు ఇంటర్వ్యూ, ఒక్కొక్కసారి చదువే పోతుంది.

ఊహకు ఎంత బలం ఉందో రాబర్ట్ క్లెక్, ఆంజెలో స్ట్రెంటా 1980లో ప్రచురించిన ప్రయోగం నిరూపించింది. పాల్గొన్నవారి ముఖం మీద రంగులతో పెద్ద మచ్చను దిద్ది, అద్దంలో చూపించారు. పిమ్మట మచ్చ చెదరకుండా పూత పూస్తున్నామని చెప్పి, వారికి తెలియకుండా దానిని పూర్తిగా తుడిచివేశారు. వారు మామూలు ముఖంతోనే ఒక అపరిచిత వ్యక్తితో సంభాషించారు. అయినా, ఆ వ్యక్తి తమ మచ్చను చూసి ఇబ్బందిపడ్డాడనీ, తమతో సహజంగా మెలగలేదనీ చెప్పారు. లేని మచ్చకు ఉన్న చూపును వెదకి పట్టుకొన్నారన్నమాట!

కార్నెల్ విశ్వవిద్యాలయం వారు 2000లో ప్రకటించిన మరొక ప్రయోగంలో, నలుగురిలో వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ గల చొక్కాను ఒక విద్యార్థికి తొడిగి, తోటివారున్న గదిలోకి పంపారు. ఆ బొమ్మను సుమారు సగంమంది గుర్తుపడతారని చొక్కా తొడిగినవారు అంచనా వేశారు. నిజానికి గుర్తుపట్టింది నాలుగోవంతుకు మించలేదు. తక్కినవారంతా ఎవరి ఆలోచనలో వారున్నారు.

మరి ఈ అందపు కొలబద్ద ఎక్కడిది? అది పుట్టుకతో వచ్చినది కాదనడానికి ఫిజీ దీవుల అనుభవం సాక్ష్యం. అచ్చటి మూలవాసుల సమాజం నిండైన దేహాన్ని మెచ్చుకొనేది. ఒక ప్రాంతానికి 1995లో టెలివిజన్ కొత్తగా వచ్చినప్పుడు ఒకసారి, తిరిగి 1998లో ఒకసారి ఆన్ బెకర్ బృందం అచ్చటి పాఠశాల బాలికలను ప్రశ్నించింది. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకొన్నామన్నవారు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్లకు నూటికి 11 మంది తేలారు. మన దేశంలో 1975లో బజారుకు వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీము 2020లో తన పేరులోని ‘ఫెయిర్’ను వదలుకొంది. పేరు మారినా, చామనచాయను లోపంగా ఎంచే చూపు మన ఇండ్లలో ఇంకా మిగిలే ఉంది. ఇక నేడు అరచేతిలోని ఫోనులో ఇతరులు ఫిల్టర్లతో దిద్దుకొన్న ముఖాలను చూసి, దిద్దని మన ముఖంతో పోల్చుకొంటున్నాం.

అయితే భయమంతా ఊహయే అనడం అన్యాయం. తెలుగులో ‘కర్రోడు’, ‘బండది’ అన్నా, ఉర్దూలో ‘కాలూ’, ‘మోటూ’ అన్నా తగిలే దెబ్బ ఒక్కటే. అన్నవాడు సాయంత్రానికి మరచిపోతాడు. పడినవాడు ఏళ్ల తరబడి మోస్తాడు. కాబట్టి చికిత్స రెండు వైపులా జరగాలి.

భయపడేవారు చిన్న మెట్టుతో ఆరంభించడం మేలు. మొదట ఒక ప్రశ్న అడగడం, తరువాత ఒక పేరా చదవడం, ఆపై అయిదు నిమిషాలు మాట్లాడడం. అప్పుడు ముఖాన్ని కప్పుకోక, ఎదుటివారు నిజంగా ఏమి చేస్తున్నారో గమనించాలి. తమ ఉపన్యాసాన్ని చిత్రీకరించి చూసుకొన్నవారిలో పెక్కుమంది, తాము అనుకొన్నంత వికారంగా లేమని గ్రహిస్తారు. భయం తగ్గకపోతే మానసిక వైద్యుని సలహా పొందాలి. అందులో నామోషీ ఏమీ లేదు. ప్రభుత్వం 2022లో నెలకొల్పిన ‘టెలిమానస్’ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

తక్కిన మనందరి కర్తవ్యం నాలుకను అదుపులో పెట్టుకోవడం. ‘నలుగురేమనుకుంటారో’ అని తెలుగువారూ, ‘లోగ్ క్యా కహేంగే’ అని ఉర్దూవారూ భయపడే ఆ నలుగురు ఎవరో కారు, మనమే. వెనుక బెంచీలో తల వంచుకొని కూర్చున్న సహాధ్యాయిని రేపు పేరు పెట్టి పిలిచి, పక్కన చోటిచ్చి, పాఠం గురించి అభిప్రాయమడుగుదాం. ఆ పిలుపు కోసం అతడు ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నాడో మనకు తెలియదు.