హిమసీమలో విద్యుచ్ఛక్తి

మన యిండ్లలో మీట నొక్కినంతనే దీపము వెలుగును. ఎచ్చటనో ఒక విద్యుత్కేంద్రము ఆగినను, తీగలచే దానితో ముడిపడిన మరియొక కేంద్రము మనలను ఆదుకొనును. అట్టి తీగలే చేరని మంచుసీమలో, కొన్నేండ్లు మాత్రమే నడువవలసిన గనికి విద్యుత్తును ఎట్లు సమకూర్చెదరు? కెనడా ఉత్తరభాగమునందలి డయావిక్ వజ్రపు గని వృత్తాంతము వలన మనమీ సంగతిని గ్రహింపవచ్చును.

ఎల్లోనైఫ్ పట్టణమునకు ఈశాన్యమున సుమారు 300 కిలోమీటర్ల దూరమున, ఒక సరస్సు నడిమి ద్వీపముపై ఈ గని 2003లో ఉత్పత్తి నారంభించెను. శీతకాలమున అచ్చటి ఉష్ణోగ్రత సున్నకు దిగువ 40 డిగ్రీల వరకు పడిపోవుట కలదు. అది సెంటీగ్రేడా, ఫారన్‌హీటా అని అడుగ పనిలేదు. ఆ అంకెవద్ద రెండు కొలతలును ఒక్కటే.

డీజిలు యంత్రములే ఆ గనికి ఆధారమైనవి. అయితే మామూలు డీజిలులో మైనము వంటి పదార్థము కొంత ఉండును. చలికి మన కొబ్బరినూనె పేరుకొనునట్లే, అదియు పేరుకొని వడపోతలను మూసివేయును. అందుచే తీవ్రమైన చలికి తట్టుకొను ప్రత్యేకపు డీజిలును వాడవలెను. ఇంతటితో చిక్కు తీరదు. కందెన చిక్కబడును; బ్యాటరీ బలము సగమునకు మించి తగ్గును; చల్లబడిన యంత్రమును మరల కదలించుట మిక్కిలి కష్టము. కావున అక్కరకై నిలిపియుంచిన యంత్రమును సైతము విద్యుత్తుతోనే వెచ్చగా నుంచెదరు. యంత్రము విద్యుత్తు నిచ్చును. విద్యుత్తు యంత్రమును కాపాడును. ఈ వలయము తెగినచో నీటిగొట్టములు పగులును. కార్మికుల వసతిగృహములు చల్లబడి ప్రాణములకే ముప్పు వాటిల్లును.

మండిన డీజిలులోని శక్తిలో సగమునకు పైగా వేడిగానే వెలువడును. దానిని గాలిపాలు చేయక, గొట్టముల ద్వారా భవనములకు పంపి వెచ్చదనము కల్పించిరి.

ఇక ఆ డీజిలు గనికి చేరుటెట్లు? ఇందులకు చలియే సాయపడును. ఏటా కొలది వారములు మాత్రము, గడ్డకట్టిన సరస్సుల మీదుగా మంచుబాట ఏర్పడును. నిండు బరువుతో పోవు లారీలు గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగమును మించరాదు. మించినచో మంచు క్రింది నీటిలో అలలు లేచి పైపొరను పగులగొట్టును. ఆ కొలది వారములలోనే ఏడాదికి సరిపడు డీజిలును చేర్చి నిలువచేయవలెను.

2006లో చలి చాలక మంచు తగినంత మందము కాలేదు. బాటను గడువునకు ముందే మూసివేసిరి. అంతట ఎంతో వ్యయమునకోర్చి డీజిలును విమానములలో తరలింపవలసి వచ్చెను. 2012లో ఆ గనియందు నాలుగు గాలిమరలను నెలకొల్పిరి. వాని మొత్తము సామర్థ్యము 9.2 మెగావాట్లు. రెక్కలకు మంచు పట్టకుండ లోపల వేడిమి కల్పించు ఏర్పాటును చేసిరి. గాలి వీచినంత మేరకు డీజిలు మిగిలెను.

చలి మితిమీరినచో యంత్రము నిలిచిపోవును. చలి చాలనిచో బాట కరగిపోవును. భూమి వెచ్చబడుచున్న యీ కాలమున, అట్టి సీమలలో పనిచేయు ఇంజనీర్లు ఈ రెండు ఆపదలకును ముందుగానే సిద్ధపడి యుండవలెను.